ఓడలు బళ్ళయిన తీరం

పలాస అనగానే జీడిపప్పు జ్ఞాపకం రావడం లోక సహజం. రైలు ఆ స్టేషనులో ఆగిందో లేదో పెట్టెల్లో బేరాలు మొదలవుతాయి. గుండు ఎంత, బద్ద ఎంత, పోయినసారి ఇంతకే ఇచ్చారే అని ఒకరూ, ఇది కొత్త సరుకండీ అని ఇంకొకరూ. ఆ బేరం తెగేలోపల రైలు కదులుతుంది. పొట్లం చేతికి చిక్కినవాళ్ళు సంతోషిస్తారు, చిక్కనివాళ్ళు వచ్చే ప్రయాణం దాకా ఆగుతారు. అంతటితో వారికి పలాస సరి.

కాని ఆ స్టేషనుకి తూర్పుగా పట్టుమని ఇరవై కిలోమీటర్లయినా లేని దూరంలో సముద్రం ఉన్నదనీ, ఆ తీరాన ఒకప్పుడు పొగ ఓడలు ఆగేవనీ, ఇక్కడివాళ్ళు కాశీకన్నా ముందు రంగూన్ చూసి వచ్చేవారనీ ఆ ప్రయాణికుల్లో ఎందరికి తెలుసు? ఈ జిల్లాలోనే తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న నేను ఆ ఒడ్డు పొడుగునా ఒకసారి తిరిగి రావాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, అది కుదిరింది.

తెలుగు మేష్టరుని గనుక మాటతో మొదలుపెడతాను. ఉద్యానం అన్న మాటే జనం నోట నలిగి ఉద్దానం అయిందంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విస్తరించిన కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ అది. పడమట మహేంద్రగిరి, తూర్పున బంగాళాఖాతం. మధ్యన ఇసుక నేల, ఆ ఇసుకమీద పచ్చదనం. చూసినవారికి కోనసీమ జ్ఞాపకం వస్తుంది.

ఇక రెండవ మాట రేవు. ఇది చిత్రమైన మాట. ఆడవాళ్ళు బిందెలతో దిగేదీ రేవే, బట్టలుతికేదీ రేవే, గొడ్లు నీళ్ళు తాగేదీ రేవే, మహానౌకలు ఆగేదీ రేవే. చిన్నా పెద్దా అన్నిటికీ మనవాళ్ళు ఒకే మాట పెట్టుకున్నారు. ఎందుకంటారా? దిగినవాళ్ళు తిరిగి గట్టెక్కి ఇంటికి వచ్చే చోటు గనుక అని నేను చెప్పుకుంటాను. ఉద్దానం ఒడ్డున తిరిగినంతసేపూ ఈ మాటే నా బుర్రలో మెదిలింది.

మొదట బారువ వెళ్ళాను. పలాస నుంచి సోంపేట మీదుగా బస్సు. దారిలో మందస వస్తుంది. వాసుదేవస్వామి గుడీ, మందస కోవా రెండూ ప్రసిద్ధమే. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఎవరి భక్తిని బట్టి వారిది. మహేంద్రగిరి కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున కోటిలింగేశ్వరస్వామి ఆలయం. దీపస్తంభం ఉంది, దాన్ని చూసి దారి తెలుసుకోవలసిన ఓడలే ఇప్పుడు ఇక్కడికి రావు. ఒడ్డుకు కొంత దూరంలో నీటి అడుగున చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలం నూరేళ్ళకు పైగా పడి ఉన్నది. ఈ మధ్య ఈతగాళ్ళు ములిగి దాన్ని చూసి వస్తున్నారు.

బారువలో గాని, దక్షిణాన వంశధార ముఖద్వారంలో ఉన్న కళింగపట్నంలో గాని ఇవాళ మనం ఊహించుకునే రేవు ఎప్పుడూ లేదు. ఓడ లోతు నీళ్ళలో లంగరు వేసి ఆగేది. మనుషుల్నీ బస్తాలనీ ఒడ్డునుంచి మసూలా పడవల్లో అక్కడికి చేర్చేవారు. ఆ పడవలకు మేకులు కొట్టరు. కొబ్బరి పీచు తాడుతో పలకలను కుట్టేస్తారు. మేకులు కొట్టిన పడవ ఈ కెరటాల దెబ్బకి విచ్చిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. గుడ్డ కుట్టినట్టు పడవను కుట్టిన ఆ పనివాడి తెలివికి నమస్కారం పెట్టాలి.

అలా ఎక్కినవారిలో చాలామంది రంగూన్ వెళ్ళారు. మనవాళ్ళు ఆ పేరుని ‘రంగం’ చేసుకున్నారు. పూర్వపు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాది కూలీలు బర్మా రేవుల్లో బస్తాలు మోయడానికీ, బియ్యపు మిల్లుల్లో పని చేయడానికీ వెళ్ళేవారు. కొందరు డబ్బు సంపాదించి వచ్చారు, కొందరు జబ్బు సంపాదించి వచ్చారు, కొందరు అసలు రానే లేదు.

కోటిలింగేశ్వరుని గుడి అరుగుమీద ఒక వృద్ధుడు కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి. నేను పక్కన చేరి, “తాతా, మీవాళ్ళెవరైనా రంగం వెళ్ళారా?” అని అడిగాను.

“ఎల్లకేటి బాబూ! మా తాత ఎల్లినాడు. ఒకపాలి ఒచ్చి, ఇల్లు కప్పించి, మళ్ళీ ఎల్లినాడు. మరి రానేదు. ఓడ పొగ అల్లంత దూరాన అగుపడితే సాలు, మా నాయినమ్మ రేవుకి పరిగెట్టీదట. దిగినోళ్ళందర్నీ అడిగీదట. ఓడలు ఆగిపోయినాక ఇంకెవుల్ని అడగాలో తెలీక ఊరుకుందట.”

అతను ఈ మాట దుఃఖంతో చెప్పలేదు. వాన పడిందన్నట్టు చెప్పాడు. నాకే కాసేపు నోట మాట రాలేదు.

మన సామెతల్లో ‘ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు’ అని ఒకటి ఉన్నది గదా! కలిమిలేముల తారుమారుకి చెబుతాం. ఈ తీరాన అది అక్షరాలా జరిగింది. 1890లలో తూర్పు తీరపు రైలు మార్గం వేశారు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు నడిచింది. అంతవరకు కొండదిగువనుంచి సముద్రానికి దిగిన సరుకు రైలుకి మళ్ళింది. 1933లో విశాఖపట్నంలో లోతైన కొత్త రేవు తెరిచారు. ఓడను గోడకి ఆనించి సరుకు దింపుకునే వసతి అక్కడ ఉంటే, కెరటాల మీద మసూలా పడవల్లో ప్రాణాలకు తెగించే పని ఎవరికి కావాలి? 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా పడ్డాయి. బర్మానుంచి మనవాళ్ళు అరకాను కొండల్లో, మణిపురం అడవుల్లో కాలినడకన వచ్చారు. దారిలో పోయినవారికి లెక్క లేదు. మిగిలినవారిలో చాలామంది 1962 తరువాత అక్కడి ప్రభుత్వం మారినప్పుడు తిరిగి వచ్చారు. ఇలా చిన్న రేవులు ఒక్కొక్కటే దీపం కొండెక్కినట్టు కొండెక్కాయి.

బారువ వదిలాక ముందు బీల. సోంపేట ప్రాంతంలో నీరు నిలిచే పల్లపు నేలను బీల అంటారు. పైరుకి తడి, గొడ్డుకి మేత, బెస్తవాడికి చేప, అన్నీ అందులోనే. అక్కడ బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం పెట్టబోతే జనం ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజున ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. బీల బీలగానే మిగిలింది. నేను వెళ్ళిననాడు అందులో గేదెలు మెడలోతు నీటిలో కళ్ళు మూసుకుని ఉన్నాయి.

తరువాత తోటలు. ఈ తోటల కథలో 2018 అక్టోబరు 11ని మరిచిపోవడానికి వీల్లేదు. ఆ తెల్లవారుజామున తిత్లీ తుఫాను సరిగ్గా ఇక్కడే తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ పేరు పెట్టినవారు ఉద్దానం వచ్చి చూసి ఉంటే ఇంకో పేరు వెతుక్కునేవారు. తాతలు నాటిన కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆనాడు కన్నీళ్ళు తుడుచుకుని నాటిన మొక్కలు ఇదిగో ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. ఇంతలో మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. కొందరు రైతులు భూమి ఇవ్వమంటున్నారు. ఏడేళ్ళు ఎదురుచూసి తొలి గెల కోసుకున్నవాడికి పరిహారం లెక్క ఎలా కట్టాలో చెప్పే గణితం నాకు తెలియదు.

ఈ పచ్చదనం కింద ఒక దిగులు కూడా ఉన్నది. ఉద్దానం పేరు దేశమంతటా తెలిసింది తోటలవల్ల కాదు, మూత్రపిండాల జబ్బువల్ల. ఏళ్ళ తరబడి పరిశోధించినా ఇదమిత్థమని కారణం తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో ఈ జబ్బు కోసం 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించారు. అదే రోజున హిరమండలం నుంచి వంశధార నీటిని గొట్టాలలో ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా మొదలైంది. కాళ్ళ ముందు సముద్రం, తాగడానికి నీళ్ళు మాత్రం కొండ దిగువనుంచి!

భావనపాడు ఇంకా కొంత దూరముందనగా ఒక బెస్తపల్లెలో ఆగాను. ఒడ్డున పడవలు ఇసుకలో వరసగా ఉన్నాయి. వలలు బాగుచేస్తున్నవాళ్ళంతా ముసలివాళ్ళు. పిల్లలు ఆడుకుంటున్నారు. ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతున్నారు. చూడగా చూడగా ఏదో వెలితి కనిపించింది. ఇరవై ఏళ్ళ కుర్రవాడు గాని, ముప్ఫై ఏళ్ళ మగవాడు గాని పట్టుమని పదిమంది లేరు.

“మగాళ్ళందరూ వేటకెళ్ళారా అమ్మా?” అని చేపలు తిరగేస్తున్న ఒకామెను అడిగాను.

“వేటకే బాబూ. కాకపోతే ఈ సవుద్రం కాదు. వీరావల్ ఎలిపోనారు. నా పెనిమిటి ఎల్లినాడు, ఇప్పుడు మా గుంటడు ఎల్లినాడు. వేసంగికి ఒస్తారు.”

వీరావల్ అంటే గుజరాత్‌లోని వేరావల్ రేవు. శ్రీకాకుళం జిల్లాకి సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉన్నది. ఆంధ్ర దేశంలో ఇంత పొడుగైన తీరం ఇంకొక జిల్లాకి లేదు. అయినా మరపడవలు తుఫానుకి తలదాచుకుని, చేప దించి, మంచు నింపుకుని వెళ్ళే సరయిన రేవు లేక, ఈ బెస్తలు దేశం అడ్డంగా దాటి పడమటి సముద్రంలో ఇంకొకరి పడవలమీద కూలికి వేట చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర బెస్తల్ని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారు. సుమారు పధ్నాలుగు నెలలు చెరలో ఉంచి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర ఇరవై మందిని విడిచిపెట్టారు. అది జరిగిన రెండు మూడు నెలలకే కరోనా వచ్చి దేశమంతా తలుపులు మూసుకుంటే, వేలమంది వేరావల్‌లోనే చిక్కుపడిపోయారు. ఈ చెర కథ ఆధారంగా తీసిన ‘తండేల్’ సినిమా నేను వెళ్ళిన నెలలోనే విడుదలయింది. తండేలు అంటే పడవకి నాయకుడు. పలాసలో గోడలనిండా ఆ బొమ్మలే. బొమ్మలో కథానాయకుడు గర్జిస్తున్నాడు. పల్లెలో అతని ఈడు కుర్రవాళ్ళ తల్లులు చేపలు తిరగేస్తున్నారు.

రంగం పోయి వీరావల్ వచ్చింది, అంతే. ఓడలు ఆగినా వలస ఆగలేదు.

నేను మూలపేట పోతున్నానని తెలిసి ఆమె ఒక ప్రశ్న వేసింది. “అక్కడ పోర్టు కడతన్నారు కదా బాబూ, అది అయిపోనాక మా పడవలు కూడా అందులో కట్టుకోనిస్తారేటి?”

నేను తెలిసినట్టు తల ఊపలేక, తెలియదని చెప్పలేక, “అడిగి వస్తానమ్మా” అన్నాను.

మూలపేట సంతబొమ్మాళి మండలంలో ఉన్నది. టెక్కలి నుంచి నౌపడ మీదుగా దారి. 2023 ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహనరెడ్డి ఇక్కడ రేవుకి శంకుస్థాపన చేశారు. 4,362 కోట్ల రూపాయల అంచనా. ఓడలు ఆనుకునే గోదీలు నాలుగు. ఏడాదికి సుమారు 2 కోట్ల 35 లక్షల టన్నుల సరుకు దించే శక్తి. అదే రోజున ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో చేపల రేవుకి కూడా పునాది వేశారు గాని, అది జిల్లాకి దక్షిణపు కొసన ఉన్నది. ఉద్దానం పడవకి అది పొరుగూరు కాదు.

లారీలు బండరాళ్ళు తెచ్చి సముద్రంలో పోస్తున్నాయి. ఆ రాళ్ళ గట్టు నీళ్ళలోకి పొడుచుకుని పోయింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న కుర్రవాడు ఒకడు అక్కడ పని లెక్కలు రాస్తున్నాడు. నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి, “మాస్టారూ, మీరేటిలా?” అన్నాడు. టీ తెప్పించాడు.

“నా తోటివాళ్ళు హైదరాబాదులో, చెన్నైలో ఉన్నారండి. నేను రోజూ ఇంటికెళ్ళి అన్నం తింటన్నాను. ఇంకేటి కావాలి మాస్టారూ?” అన్నాడు.

అతని మాట కాదనడానికి లేదు. రోజూ ఇంటికి వెళ్ళి అన్నం తినడం ఈ తీరంలో చిన్న భాగ్యం కాదు. రేవు రావద్దని ఈ వ్యాసం రాయడం లేదు. మూలపేట, విష్ణుచక్రం గ్రామాల వాళ్ళు ఈ రేవు కోసం ఇళ్ళు విడిచి నౌపడ దగ్గర కట్టే కాలనీకి పోవలసి ఉన్నది. ఆ మూల్యం చెల్లించి తెచ్చుకుంటున్న రేవు ఎవరికి రేవు కావాలి అన్నదే ప్రశ్న.

ఇంకొక సంగతి. ఈ సముద్రంలో నీరే కాదు, ఇసుక కూడా నడుస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం కెరటాలు దక్షిణంనుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డున ఉన్న ఇసుకను ఉత్తరానికి తోస్తూ ఉంటాయి. మధ్యలో రాళ్ళగట్టు అడ్డం వేస్తే ఇసుక దక్షిణం వైపు మేట వేస్తుంది. ఉత్తరం వైపు ఒడ్డుకి ఇసుక అందక కోత పడుతుంది. విశాఖపట్నంలో ఇదే జరిగింది. అందుకే అక్కడ రేవులో తవ్విన ఇసుకను ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచికి పోస్తూ వస్తున్నారు. మూలపేటకి ఉత్తరాన ఉన్నది ఏమిటి? బెస్తపల్లెలు, వాటి వెనక ఉద్దానం తోటలు. ఇక్కడ కూడా ఏటేటా ఒడ్డును కొలిచి, ఇసుకను అటు చేర్చే ఏర్పాటు మొదటినుంచీ ఉండాలి. కోత పడ్డాక కొలిచేది ఒడ్డు కాదు, నష్టం.

“మన పడవలకి ఇందులో చోటుందా నాయనా?” అని నా శిష్యుణ్ణి అడిగాను. అతను రాళ్ళగట్టు వైపు చూసి, “నా పని రాళ్ళ లెక్క వరకేనండి” అన్నాడు. నిజాయితీగల జవాబు.

తిరుగు దారిలో నౌపడ ఉప్పుమళ్ళు. ఎండకి తెల్లగా మెరుస్తున్న ఉప్పు రాసులు. ఆ పక్కనే తంపర, అంటే ఉప్పునీరూ మంచినీరూ కలిసే చిత్తడి నేల. కాకరాపల్లి దగ్గర ఈ తంపరలోనే మరొక విద్యుత్కేంద్రం తలపెట్టారు. 2011 ఫిబ్రవరి 28న అక్కడ కూడా తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. ఆ కేంద్రం పూర్తికాకుండానే ఆగిపోయింది. పోయినవారు పోయినట్టే.

టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి ఉన్నాడు. పైకప్పు లేకుండా ఎండావానలకు ఓర్చుకుని నిలిచిన మహాలింగం. ఈ సీమకు తగిన దేవుడనిపించింది. దండం పెట్టుకుని తేలినీలాపురం చేరేసరికి సాయంత్రం నాలుగయింది.

తేలినీలాపురం చిన్న ఊరు. ఆ ఊరి చెట్లు మాత్రం ఆరు నెలలు పక్షులవి. గూడకొంగలూ, రంగురెక్కల పెద్ద కొంగలూ ఏటా వానాకాలం చివర వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసి, వేసవి ముదిరేలోగా వెళ్ళిపోతాయి. సైబీరియానుంచి వస్తాయని ఊళ్ళో చెబుతారు గాని, ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. అయితేనేం, ఊరివారికి అవి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు. వాటిని ఎవరూ కొట్టరు, కొట్టనివ్వరు.

గూడకొంగ తంపర నీటిమీద దిగడం చూడవలసిన దృశ్యం. అంత పెద్ద శరీరం, కాళ్ళు ముందుకు చాచి, నీటిని గీసుకుంటూ వచ్చి, నెమ్మదిగా ఆగుతుంది. 2024 నవంబరు 9న విజయవాడ ప్రకాశం బ్యారేజి నుంచి శ్రీశైలానికి నీటి విమానం నడిపి చూసినప్పుడు రాష్ట్రమంతా ముక్కున వేలేసుకుంది. విమానశాఖ చూసే కేంద్రమంత్రి ఈ శ్రీకాకుళం సభ్యుడే గనుక మావాళ్ళు ఇంకాస్త గర్వపడ్డారు. కాని నీటిమీద దిగి నీటిమీద లేచే విద్య తేలినీలాపురం పిల్లలకి ఊయలనాటినుంచీ తెలిసిందే.

ఆ పక్షులను చూస్తుంటే ఒక సంగతి తోచింది. తంపరలో చేప ఉన్నంతవరకే ఈ చెట్లమీద గూడు ఉంటుంది. నీరు చెడితే వాటికి కబురు పెట్టనక్కరలేదు. మరుసటి ఏడు రావు. మనుషులు అలా కాదు. చెడిపోయినా ఊరు ఊరే అనుకుని తిరిగి వస్తారు. ఆ మమకారాన్ని లెక్కలోకి తీసుకోకుండా కట్టేదేదైనా ఈ నేలకి అతకదు.

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య’ అని ఇంకొక సామెత ఉన్నది. భూమి కావలసినప్పుడు ఇక్కడివాడు మల్లయ్యగారు. రేవు కట్టడం పూర్తయ్యాక కూడా అతను మల్లయ్యగారుగానే ఉండాలంటే చేయవలసిన పనులు గొప్పవి కావు. నాలుగు గోదీల పక్కన చిన్న పడవలకు ఒక మూల, తుఫానునాడు అడగకుండా వచ్చి తలదాచుకునే హక్కు, పని నేర్చిన ఇక్కడి పిల్లలకు కొలువు, ఉత్తరపు ఒడ్డుకి ఇసుక. వేల కోట్ల లెక్కలో ఇవి ఏ మూలకి?

అప్పుడు దాన్ని పోర్టు అన్నా నాకు అభ్యంతరం లేదు, తెలుగు మేష్టరునైనా సరే. పల్లెలో ఆమె కొడుకు తెల్లవారుజామున అక్కడ పడవెక్కి, పొద్దుగూకే వేళకి అక్కడే దిగి ఇంటికి వస్తే, జనం తమంతట తామే దానిని రేవు అంటారు.